ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గుతోంది.. ఆపితే మళ్లీ దురద!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల కిందట డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కొత్తగా రాశారు. కొన్నాళ్లకే పురుషాంగం ముందు భాగం ఎర్రబడి దురద, మంట మొదలయ్యాయి. ముందు చర్మం వెనక్కి జరిపితే సన్నగా చీలుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజుల్లో తగ్గి, ఆపగానే తిరగబెడుతోంది. డాక్టర్‌కు చూపించాలంటే మొహమాటంగా ఉంది. - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కాండిడా ఫంగస్‌తో వచ్చే బెలనైటిస్ (పురుషాంగం ముందు భాగం వాపు) కావొచ్చు. మీ మాత్ర రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. ముందు చర్మం కింద ఆ మూత్రం చుక్క నిలిచిందంటే ఫంగస్‌కు తిండీ తడీ రెండూ దొరికినట్టే. అలాగని మాత్ర మీ అంతట మీరు మానొద్దు. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మందు అది. కొనసాగించాలో మార్చాలో రాసిన డాక్టరే చెప్పాలి. షుగర్ లేదనుకునేవారికి ఇలా పదేపదే వస్తున్నా పరగడుపున షుగర్ 126 గానీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.5 గానీ, అంతకు మించి గానీ ఉందేమో చూడాలి.

ఇక ఆ ట్యూబు. దాని మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ వంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు, దురద అణుగుతాయి గానీ ఫంగస్ లోపల పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. నాలుగు మందులు కలిపి అన్నిటికీ ఇదే అని అమ్మే ట్యూబులతోనే చిక్కంతా. దాన్ని ఆపండి, మొదట కాస్త ఎరుపెక్కినా సరే. క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ మాత్రమే పలచగా, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు రాయండి. దురద పోయినా 7 నుంచి 14 రోజులు వాడాలి. ఆ రోజుల్లో కండోమ్‌ను నమ్ముకోవద్దు, క్రీమ్ తగిలితే రబ్బరు బలహీనపడుతుంది. సబ్బు, డెటాల్ వద్దు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, చర్మాన్ని తప్పకుండా మళ్లీ ముందుకు తెచ్చుకోండి. మీ భార్యకూ దురద, తెల్లబట్ట ఉంటే ఆమెకూ చికిత్స కావాలి.

షుగర్ ఉండి చర్మం చీలుతోంది కాబట్టి మీరు ఈ వారమే చర్మ వైద్యుడికి చూపించుకోండి. షుగర్ లేనివారు రెండు వారాల క్రీమ్‌తో తగ్గకపోతే వెళ్లాలి. నొప్పి లేని పుండు (సిఫిలిస్ కావొచ్చు), నీటి పొక్కులు, చీము ఉంటే అంత ఆగొద్దు. చర్మం తెల్లగా మారి బిగుసుకుంటున్నా, మూడు వారాలకు మానని పుండో గడ్డో ఉన్నా బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరం పడొచ్చు. ఏదో నొప్పి మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఒకేచోట నల్లమచ్చ వస్తుంటే దోషం ఆ మాత్రదే.

వెనక్కి జరిపిన చర్మం ముందుకు రాక వాచినా, జ్వరంతో పాటు వృషణాల చుట్టూ భరించలేని నొప్పి, వాపు, నలుపు కనిపించినా అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి వెళ్లాల్సిందే. షుగర్ ఉన్నవారిలో ఆ రెండో రకం కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, మీరు వేసుకునే మాత్రల స్ట్రిప్పులను వెంట తీసుకెళ్లండి.