41 గంటలన్న ఆటోమేటిక్ వాచీ ఒక్క రోజుకే ఆగిపోతుంటే

మీ ప్రశ్న ఇదీ: కొత్త ఆటోమేటిక్ వాచీకి పవర్ రిజర్వ్ (చేతికి లేకపోయినా నడిచే సమయం) 41 గంటలని రాశారు, శుక్రవారం రాత్రి 9కి తీసి పెడితే శనివారం సాయంత్రానికే ఆగిపోతోంది, వారంటీకి ఇవ్వాలా, వాచీని తిప్పుతూ ఆగకుండా ఉంచే వైండర్ పెట్టె కొనాలా అని. ఇప్పుడే రెండూ వద్దండి. నేనూ ఈ టెన్షన్ పడ్డవాణ్నే.

నాది 7ఎస్26 అనే మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ఉన్న సీకో 5. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఎప్పుడూ ఆగలేదు. ఇంటి నుంచి పని మొదలయ్యాక, రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోయి ఉండేది. మా నాన్నకి హెచ్‌ఎంటీ జనతా ఉండేది. పొద్దున స్నానం కాగానే దానికి కీ ఇచ్చాకే చేతికి పెట్టుకునేవారు. నేనూ అదే పద్ధతిలో రోజూ ముప్పై సార్లు కీ తిప్పడం మొదలుపెట్టాను. మూడు వారాలు తిప్పాను. ఏ మార్పూ లేదు. ఒక షాపులో చూపిస్తే, మూత కూడా తీయకుండానే సర్వీసింగ్ చేయాలన్నారు.

అనుమానం వచ్చి, ఫుట్‌పాత్ మీద చిన్న బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకుని కీ తిప్పి నవ్వారు. "ఈ కీ ముళ్లు జరపడానికీ తేదీ మార్చడానికే సార్, స్ప్రింగుకీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. నిజమే, 7ఎస్26కి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. మూడు వారాలు నేను ఊరికే తిప్పాను. తర్వాత "రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. కంప్యూటర్ ముందు కూర్చుంటానన్నాను. "మరి దానికి తిండి ఎక్కడిది?"

విషయం అంతా అక్కడే ఉంది. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది, రోటర్ అంటారు. మణికట్టు అటూ ఇటూ తిరిగినప్పుడు అది తిరిగి స్ప్రింగును చుడుతుంది. టైప్ చేసేటప్పుడు కదిలేవి వేళ్లు. మణికట్టు బల్ల మీద ఆనుకునే ఉంటుంది. పది గంటలు పెట్టుకున్నా స్ప్రింగు నిండదు. 41 గంటలన్నది పూర్తిగా నిండిన స్ప్రింగు లెక్క. మేడ మీద ట్యాంకు సగమే నింపి, రెండు రోజులు ఎందుకు రాలేదని అడిగితే ఎలా?

41 గంటలన్నారు కాబట్టి మీ దాంట్లో 4ఆర్36 మూవ్‌మెంట్ గానీ ఎన్‌హెచ్35 గానీ ఉండొచ్చు. అదే అయితే మీరు అదృష్టవంతులు, వాటికి చేత్తో కీ ఇవ్వొచ్చు. కీ బయటికి లాగకుండా, 12 అంకె వైపుగా యాభై అరవై సార్లు నిదానంగా తిప్పండి. జనతాలో లాగా ఒక చోట బిగుసుకుని ఆగదు. ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర, అది ఉండే డబ్బా గోడకి గట్టిగా పట్టి ఉండదు, నిండాక జారిపోతుంది. ట్యాంకుకి ఓవర్‌ఫ్లో పైపు ఉన్నట్టన్నమాట. ఎక్కువ తిప్పితే తెగుతుందన్న భయం అక్కర్లేదు. తర్వాత టైం రాసుకుని బల్ల మీద కదపకుండా వదిలేయండి. నలభై గంటల దాకా వస్తే వాచీ బాగానే ఉంది, లోపం మన కుర్చీలో ఉంది. పాతికకే ఆగితే వారంటీకి ఇవ్వండి. నా దానికి చేత్తో కీ ఇచ్చే వీలు లేదు కదా, చుట్టాల పెళ్లిలో రోజంతా తిరిగొచ్చి తీసి పెట్టాను. 42 గంటలు నడిచింది.

అయితే స్ప్రింగు పూర్తిగా నిండినా మీ వాచీ సోమవారం దాకా రాదు. శుక్రవారం రాత్రి 9కి 41 కలిపితే ఆదివారం మధ్యాహ్నం 2 అవుతుంది. శని, ఆదివారాలు దాటాలంటే టిస్సో వాళ్ల పవర్‌మ్యాటిక్ 80 లాంటిది కావాలి. అందులో స్ప్రింగు చుట్టుకునే ఇరుసును సన్నం చేసి, పొడవైన స్ప్రింగుకి చోటు చేశారు. పైగా గంటకి 28,800 ఉన్న బీట్లను (టిక్కులను) 21,600కి తగ్గించారు. ఖర్చు తగ్గితే నిల్వ ఎక్కువ రోజులు వస్తుంది కదా.

ఇంకో మాట. ఆ చివరి గంటలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. స్ప్రింగు బలం తగ్గేకొద్దీ అటూ ఇటూ ఊగుతూ టైం కొలిచే బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం తగ్గుతుంది, అప్పుడు టైం తేడా రావడం మామూలే. అందుకే రోజూ కాసేపు పెట్టుకుని తీసేసే వాచీ, ఆగకపోయినా టైం సరిగ్గా చూపించకపోవచ్చు.

వైండర్ అంటారా, ఒక్క వాచీకి దండగ. ఆగి ఉన్నంత మాత్రాన వాచీ ఏమీ పాడవదు. సోమవారం పొద్దున నాలుగైదు పదుల తిప్పులు తిప్పి టైం పెట్టుకుంటే నిమిషం పని. తేదీ మార్చేటప్పుడు మాత్రం ముళ్లు రాత్రి 9కీ తెల్లవారుజామున 4కీ మధ్య లేకుండా చూసుకోండి. ఆ సమయంలో తేదీ పళ్లచక్రాలు పట్టులో ఉంటాయి. ముందు ముళ్లను 6 దగ్గరికి తెచ్చి, తేదీని నిన్నటికి పెట్టి, అది మారేదాకా ముళ్లను ముందుకు తిప్పుకుంటే సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా మధ్యాహ్నం 12కి తేదీ మారిందంటే కంగారు పడకండి, ముళ్లను ఇంకో 12 గంటలు ముందుకు తిప్పితే చాలు. నేను దానికి కూడా ఆ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను.