పానా పెట్టె: బోటు ఇంజిన్ మూతకు ఎంత బలమున్న షాకర్ కావాలె?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నాగార్జునసాగర్ హిల్ కాలనీ. నాకొక ఫైబర్ బోటు ఉంది, నడుమ డీజిల్ ఇంజిన్. ఇంజిన్ మీది మూత ప్లైవుడ్‌ది, పైన ఫైబర్ పూత, లోపల చప్పుడు రాకుండ ఫోమ్ అంటించినం. బరువు 28 కిలోలు. బందుల కాడి నుంచి ముందు అంచుకు సరిగ్గా మీటరు. ఆయిల్ చూడాలన్నా, బెల్టు బిగించాలన్నా ఒకరు మూత పట్టుకొని నిలబడాలె. మొన్న చెయ్యి జారి మా హెల్పర్ వేళ్లు నలిగినయ్. పాత కార్ల డిక్కీకి ఉండే గ్యాస్ షాకర్లు రెండు దొరికినయ్, వాటి మీద 500 ఎన్ అని ఉంది. బిగిస్తే సరిపోతదా? ఎంత బలమున్నవి అయితే అంత మంచిదని దోస్తులు అంటున్నరు.

జవాబు: తమ్మీ, ముందు మీ హెల్పర్‌ను దవాఖానకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించు. నలిగిన వేలు పైకి మామూలుగానే కనిపించినా, లోపల ఎముక చిట్లి ఉండొచ్చు. పట్టించుకోకపోతే పానా పట్టే చెయ్యి పట్టు తప్పొచ్చు. అది అయినాకనే మూత సంగతి.

ఆ 500 షాకర్లు పక్కన పెట్టు. అవి మంచివే కావచ్చు, నీ మూతకు మాత్రం ఎక్కువ. దోస్తుల మాట ఇక్కడ వినకు. గ్యాస్ షాకర్ విషయంలో బలం కంటే దాన్ని ఏ చోట బిగిస్తున్నావన్నదే ముఖ్యం. తలుపును గొళ్లెం దగ్గర నెట్టి చూడు, బందు పక్కన నెట్టి చూడు, తేడా చేతికే తెలుస్తుంది. షాకర్ ఎప్పుడూ బందు పక్కనే నెడుతుంది. అందుకే 28 కిలోల మూతకు 28 కిలోల బలం చాలదు, దానికి రెండు మూడింతలు కావాలి. ఆ రెండు మూడింతలు ఎంతన్నది కొలిచి తేల్చాలి.

షాకర్ మీద ఎన్ అంటే న్యూటన్లు. పది న్యూటన్లు సుమారుగా ఒక కిలో అనుకో. 500 ఎన్ అంటే ఒక్కొక్కటి యాభై కిలోల బలంతో నెడుతుంది. అయితే ఆ అంకె షాకర్ గొట్టంలోంచి సన్నటి రాడ్ పూర్తిగా బయటికి వచ్చి ఉన్నప్పటిది. రాడ్ లోపలికి పోయేకొద్దీ గొట్టంలో నింపిన నైట్రోజన్ గ్యాస్ ఇంకా నలిగి బలం పెరుగుతుంది. పూర్తిగా మూసినప్పుడు చాలా షాకర్లలో ముప్పై శాతం దాకా ఎక్కువ ఉంటుంది. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు.

ఇప్పుడు మూత తూకం. మొత్తం ఊడదీసి తూచాల్సిన పని లేదు. సాగర్‌లో చేపలు తూచే కొక్కెం కాటా ఎవరినడిగినా ఇస్తారు. ముందు అంచు నడుమ కొక్కెం తగిలించి, మూత వేలెడంత లేచేదాకా నిదానంగా పైకి లాగు. బరువు అంతటా సమానంగా ఉంటే కాటా 14 కిలోలు చూపిస్తుంది. ఫోమ్ ఒక పక్కనే దట్టంగా ఉంటే వేరే చూపిస్తుంది, అప్పుడు కాటా చెప్పిందే ఖాయం చేసుకో. ఆ 14ను అంచు దూరం 100 సెంటీమీటర్లతో గుణిస్తే 1400. నీ షాకర్లు గెలవాల్సింది ఈ 1400ను.

తర్వాత నేల మీద సుద్దతో బోటు పక్క రూపం అసలు కొలతకు గీయి. మూతకు బదులు అట్టముక్క కోసి, బందు ఉన్నచోట మేకు కొట్టు. నువ్వు రాసిన కొలతలకు నేనైతే ఇట్లా పెడతాను: మూత మీద షాకర్ బిగించే బిందువు బందు నుంచి 35 సెంటీమీటర్లు, కింది బిందువు బందుకు 8 ముందుకు, 13 కిందికి. మూసినప్పుడు ఈ రెండు బిందువుల మధ్య 30 సెంటీమీటర్లు వస్తుంది. మూత 75 డిగ్రీలు లేస్తే 47. అంటే 47 పొడవుండి, రాడ్ 18 దాకా లోపలికి పోయే షాకర్ తీసుకో. మూత మూసినాక కూడా రాడ్‌కు ఒక సెంటీమీటరు జాగా మిగలాలి, లేకపోతే షాకర్ అడుగుకు తగిలి బ్రాకెట్‌నే వంచుతుంది.

ఇక దారం. అట్టను మూసిన స్థితిలో పెట్టి రెండు బిందువుల మధ్య నూలు దారం బిగుతుగా కట్టు. బందు మేకు దగ్గర టేపు పెట్టి, దారానికి మూలమట్టంగా ఎంత దూరం ఉందో చూడు. ఈ కొలతలకు 15 సెంటీమీటర్లు వస్తుంది. అట్టను 75 డిగ్రీలకు లేపి మళ్లీ కొలువు, 8 వస్తుంది. షాకర్ బలాన్ని ఈ దూరంతో గుణించాలి. షాకర్ పొడవుకు ఈ లెక్కలో పని లేదు.

300 ఎన్ షాకర్లు రెండు అనుకుందాం. మూసినప్పుడు ఒక్కొక్కటి 39 కిలోలు, రెండూ కలిపి 78. దాన్ని 15తో గుణిస్తే 1170. మూత 1400కు 230 తక్కువ. అంచు దగ్గర నీ చేతికి తగిలే బరువు రెండుంపావు కిలోలు. ఒక్క చేత్తో లేస్తుంది, వదిలితే తనంతట తాను మూసుకొని ఉంటుంది. మనకు కావాల్సింది అదే.

నీ దగ్గరున్న 500తో చూడు. రెండూ కలిపి మూసినప్పుడు 130 కిలోలు, 15తో గుణిస్తే 1950. మూత కంటే 550 ఎక్కువ. గడియ తీయగానే అంచు అయిదున్నర కిలోల బలంతో పైకి ఎగురుతుంది. మూయాలంటే ప్రతిసారీ గట్టిగా అదిమిపట్టి గడియ వెయ్యాలి. నీళ్ల మీద ఊగే బోటులో నిలబడి ఆ పని చేయించకు.

350 అయితే నడిమధ్యన బాగుంటుంది కదా అని అడగొచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. కానీ షాకర్ మీది అంకె 20 డిగ్రీల వేడికి లెక్క కట్టింది. ప్రతి పది డిగ్రీలకు బలం మూడున్నర శాతం పెరుగుతుంది. మన నల్లగొండ జిల్లాలో మే నెలలో బయటనే 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆగిన ఇంజిన్ గదిలో మూత కింద 60 సులభంగా చేరుతుంది. అంటే 14 శాతం ఎక్కువ. 350 షాకర్లు ఆ వేడికి 1400ను దాటిపోయి మూతను లేపుతాయి. 300 అయితే 1334 దగ్గర ఆగుతాయి, మూత ఇంకా కిందనే ఉంటుంది. చలికాలం పొద్దుగాల కాస్త బరువనిపిస్తుంది, అది ఓర్చుకోవచ్చు. మన ఎండలకు లెక్క ఎప్పుడూ ఎండకాలానికే కట్టాలి. ఎన్ని తూకాలు సరిపోయినా ముందు అంచుకు రెండు గడియలు తప్పదు. పెద్ద లాంచీ పక్క నుంచి పోతే వచ్చే అలకు మూత ఎగిరెగిరి పడకూడదు.

ఇప్పుడు బందులు. నువ్వు వాటి గురించి రాయలేదు, చాలామంది రాయరు. మూత మూసి ఉన్నప్పుడు షాకర్ దాదాపు పడుకొని ఉంటుంది. ఆ 78 కిలోల్లో 70 కిలోల దాకా మూతను పైకి కాక ముందుకు తోస్తుంది, అంటే బందుల నుంచి పీకుతుంది. అదీ రాత్రింబవళ్లు. ప్లైవుడ్‌లోకి దింపిన చెక్క మరలు కొన్ని నెలల్లో వదులవుతాయి. బందులకూ, షాకర్ బ్రాకెట్లకూ ఇవతలి నుంచి అవతలికి దూరే బోల్టులు వెయ్యి, వెనక ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక, దాని మీద నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులు కానిది). ప్లైవుడ్‌కు తొలిచిన రంధ్రం వట్టిగా వదిలితే నీరు దిగి చెక్క కుళ్లుతుంది. రంధ్రం కాస్త పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ అసలు రంధ్రం వెయ్యి. ఆలస్యమవుతుంది, కానీ ఆ బోల్టు ఇక కదలదు.

షాకర్‌ను లావుపాటి గొట్టం పైకి, సన్నటి రాడ్ కిందికి ఉండేట్టు బిగించు. లోపల కొంచెం నూనె ఉంటుంది. రాడ్ కిందికుంటే ఆ నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండనివ్వదు, తెరిచే చివర మూత ధనామని కొట్టుకోకుండా ఆపుతుంది. తలకిందులుగా బిగిస్తే సీలు ఎండి గ్యాస్ పోతుంది. రాడ్‌ను ప్లయర్‌తో ఎన్నడూ పట్టకు. ఒక్క గీత పడినా సీలు కోసుకుపోతుంది. పక్కన గ్రైండింగ్ చేస్తుంటే దాని మీద తడిగుడ్డ కప్పు. బిగించేటప్పుడైనా, విప్పేటప్పుడైనా మూత పూర్తిగా లేపి ఇద్దరు పట్టుకోవాలి, అప్పుడే రాడ్ పూర్తిగా బయట ఉంటుంది. ఒకే పక్కన ఒకే షాకర్ వేస్తే మూత మెలితిరుగుతుంది, రెండు పక్కలా వెయ్యి.

స్టెయిన్‌లెస్ 316 రకమే కావాలని షాపువాళ్లు ఒత్తిడి చేస్తే తొందరపడకు. అది ఉప్పునీటికి తప్పనిసరి. మనది కృష్ణ నీళ్లు. మంచి పూత ఉన్న మామూలు రాడ్ చాలు, తడిసినప్పుడు తుడుచుకుంటే సరి. మిగిలిన పైసలు బందుల మీద పెట్టు.

ఇక తప్పకుండా చెయ్యాల్సింది ఒకటుంది. మూత 75 డిగ్రీల దగ్గర లేచి ఉన్నప్పుడు దాని బరువు 1400లో పావు వంతుకు కాస్త ఎక్కువ, అంటే 362. షాకర్లు అక్కడ 60 కిలోలు, 8తో గుణిస్తే 480. మిగిలేది చాలా తక్కువ. అంచు మీద ఒకటింబావు కిలో బలం పడితే మూత వాలిపోతుంది. సాగర్ మీద సాయంత్రం వచ్చే గాలికి అది ఒక లెక్క కాదు. అందుకే మూతకు ఒక పక్కన ఇనుప ఊత కడ్డీ పెట్టు. ఒక కొన మూతకు బోల్టుతో తిరగాలి, రెండో కొన అంచు మీది రంధ్రంలో దిగాలి, అందులో పిన్ను పడాలి. షాకర్ మూతను లేపడానికి, ఊత నిలబెట్టడానికి. పిన్ను పడకుండా ఎవరూ తల లోపల పెట్టొద్దని మీ హెల్పర్‌కు గట్టిగా చెప్పు. మిర్యాలగూడ వర్క్‌షాపులో నా కళ్లముందే ఒక బస్సు సామాన్ల తలుపు అట్లా పడింది. షాకర్ మంచిదే, బలం సరిపోయిందే. షాకర్ కొనకు ఉండే గిన్నె బ్రాకెట్ గోళీ మీద కూర్చుంటుంది, ఆ గిన్నెకు ఉండే చిన్న తీగ క్లిప్పు లేదు, అంతే. గిన్నె జారింది. కింద వంగి ఉన్న మనిషి అప్పుడే పక్కకు తిరిగి పానా అందుకుంటున్నాడు కాబట్టి బతికాడు. ఆ క్లిప్పులు నాలుగూ ఉన్నాయో లేవో నీళ్లలోకి పోయే ముందు వేలితో తడిమి చూసుకో.

నీ బోటులో ప్రయాణికులను ఎక్కిస్తున్నావా? అయితే సర్వే సర్టిఫికెట్ ఇచ్చే అధికారికి చెప్పి ఈ పని చేయించు. షాకర్ ఎగ్జాస్ట్ పైపుకూ బెల్టుకూ దూరంగా ఉందో లేదో కూడా వాళ్లను చూడమను.

ప్రశ్న: సార్, మాది నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల. మా లాంచీ ఇంజిన్ మూతకు ఉన్న షాకర్లు చలికి పొద్దున పూట నిలవడం లేదు, మధ్యాహ్నం నిలుస్తున్నాయి. ఒకదాని రాడ్ మీద నూనె మరక ఉంది. గ్యాస్ మళ్లీ నింపించుకోవచ్చా? బలం ఎంతో రాసిన చీటీ చెరిగిపోయింది.

జవాబు: చలికి పడిపోయి ఎండకు నిలుస్తున్నాయంటే గ్యాస్ తగ్గి బొటాబొటి బలంతో నడుస్తున్నాయని అర్థం. నూనె మరక ఉన్నదాని సీలు పోయింది. వాల్వు లేని మామూలు షాకర్‌లో గ్యాస్ నింపే దారి లేదు, రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే మూత వంకరగా లేచి బందులు అరుగుతాయి.

బలం తెలుసుకోవడానికి ఇంట్లో నిలబడి బరువు చూసుకునే మిషను చాలు. మరక లేని షాకర్ తీసి, మిషను మీద చెక్కముక్క పెట్టి, రాడ్ కిందికి ఉండేట్టు నిలువుగా ఆనించి, రెండు చేతులతో తిన్నగా నొక్కు. రాడ్ కదలడం మొదలయ్యాక మిషను చూపే కిలోలను పదితో గుణిస్తే న్యూటన్లు. పాతది కాబట్టి అసలు బలం దాని కంటే కొంత ఎక్కువే ఉండేది. ఆ అంకెను పట్టుకొని, పైన హిల్ కాలనీ తమ్ముడికి చెప్పిన కాటా, దారం లెక్కతో సరిచూసుకో.

పాత షాకర్లను పాత ఇనుముకు వేసే ముందు కోయడం, వెల్డింగ్ పెట్టడం, మంటలో పడేయడం ఎవరినీ చేయనివ్వకు. 8 మిల్లీమీటర్ల రాడ్ ఉన్న 300 ఎన్ షాకర్‌లో దాదాపు 60 బార్ల ఒత్తిడి ఉంటుంది. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ల చుట్టుపక్కల. ఇనుము కొనేవాడికి అది షాకర్ అని చెప్పి చేతికియ్యి.

ప్రశ్న: అన్నయ్యా, మాది దేవరకొండ. మా ఇంట్లో పరుపు పైకి లేస్తే కింద సామాను పెట్టుకునే మంచం ఉంది. దూది పరుపు వేసినప్పటి నుంచి సగం లేచి వాలిపోతోంది. షాకర్లు పోయినట్టేనా?

జవాబు: పోయాయని చెప్పలేం చెల్లమ్మా. పాత పరుపు మళ్లీ వేసి చూడు. దానికి నిలిస్తే షాకర్లు బాగానే ఉన్నట్టు, దూది పరుపు బరువే ఎక్కువ. అప్పుడు అంచును కాటాతో లేపి పాత పరుపుతో ఎంత, దూది పరుపుతో ఎంత అని తూచి, ఆ నిష్పత్తిలో బలం పెంచిన జత వేయించు. ఆ జత వేశాక పరుపు తీసేసి పలకను లేపొద్దు, బరువు లేక ఒక్కసారిగా పైకి వచ్చి మొహానికి తగులుతుంది. అప్పటిదాకా సామాను తీసేటప్పుడు పలక కింద గట్టి కర్ర ఊత పెట్టండి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.