స్పార్క్‌బ్రూక్ వార్డు ఓట్ల లెక్క ఎందుకు కలవడం లేదంటే

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో స్పార్క్‌బ్రూక్ ఒక వార్డు. 2014, 2018 నగర కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు పక్కపక్కన పెడితే అక్కడ ఓట్లు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. మీ కూడికలో తప్పు లేకపోవచ్చు, మారింది వార్డే. 2018 ఎన్నికలతో నగరం మొత్తానికి కొత్త వార్డు హద్దులు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 40 వార్డులు, వార్డుకి ముగ్గురు చొప్పున 120 మంది కౌన్సిలర్లు. తర్వాత 69 వార్డులు, 101 మంది. పాత స్పార్క్‌బ్రూక్ వార్డు అక్కడితో అయిపోయింది, ఇప్పుడున్నది స్పార్క్‌బ్రూక్ అండ్ బాల్సాల్ హీత్ ఈస్ట్.

1. పేరు చూసి జత చేయకండి. బ్రిటన్ జాతీయ గణాంకాల కార్యాలయం ప్రతి వార్డుకీ ఒక కోడ్ ఇస్తుంది, కోడ్ వేరైతే దాన్ని వేరే వార్డుగానే చూడాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. 2014లో వార్డుకున్న మూడు సీట్లలో ఒక్కదానికే పోటీ, ఓటరుకి ఒక్క ఓటు. 2018లో ఈ కొత్త వార్డుకి ఇద్దరు కౌన్సిలర్లు, అంటే ఒక్కో ఓటరు ఇద్దరికి ఓటు వేయొచ్చు. అభ్యర్థుల ఓట్లన్నీ కూడితే మనుషుల సంఖ్య రాదు, దాదాపు రెట్టింపు వస్తుంది (కొందరు ఒక్కరికే వేస్తారు కాబట్టి సరిగ్గా సగం చేసినా కుదరదు). పోలింగ్ శాతం కోసం బ్యాలెట్ పత్రాల సంఖ్య తీసుకోండి. పార్టీల పోలికకి ఒక్కో పార్టీలో ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని మాత్రమే పెట్టండి.

3. జనాభా పోలిక కావాలంటే జనగణనలోని చిన్న ప్రాంతాల అంకెలు తీసుకుని, పోల్చే రెండు సంవత్సరాల అంకెలూ ఒకే హద్దులో పడేలా కూడండి.