యుద్ధం రాసే ముందు ఆ ఇంట్లోకి వెళ్ళు

తమ్ముడూ,

1643లో ఫ్రాన్సు స్పెయిన్‌ను ఓడించిన రొక్రువా యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. స్పెయిన్ కాల్బలం చివరిదాకా కదలకుండా నిలబడ్డ ఘట్టం దగ్గర ఒళ్ళు జలదరించింది. వాక్యం నీ చెప్పుచేతల్లో ఉంది, ఆ బెంగ నీకు అక్కర్లేదు. కానీ చదవడం పూర్తయ్యాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడి చేతికి ఫ్రాన్సు తన సరిహద్దు సైన్యాన్ని ఎందుకు అప్పగించింది?

నీ వ్యాసంలో ఆంగ్యెన్ డ్యూక్ వీరుడు, అందుకే సేనాపతి. చరిత్రలో అతను ముందుగా ఒక ఇంటి కొడుకు. బూర్బోన్ రాజవంశపు శాఖలో పుట్టాడు. 1641లో తండ్రి అతనికి రాజు ముఖ్యమంత్రి రిచెలూ మేనకోడలితో పెళ్ళి చేశాడు. పిల్లవాడికి ఇష్టం లేదు, అయినా చేశాడు. ఎందుకంటే అప్పట్లో రాజ్యం రిచెలూ కనుసన్నల్లో నడుస్తోంది. ఆ పుట్టుకా ఆ వియ్యమూ కలిసి అతన్ని సైన్యం ముందు నిలబెట్టాయి. యుద్ధంలో నేర్పు ఉందని ఆ తర్వాతే తెలిసింది. 1643 మే 14న రాజు పదమూడో లూయీ పోయాడు. 19న రొక్రువా. సింహాసనం మీద ఐదేళ్ళయినా నిండని పసివాడు పద్నాలుగో లూయీ. అలాంటి వారంలో చేతికందిన విజయం ఆ ఇంటికి ఎంత బలమో ఆలోచించు.

ఇంకో మాట. యుద్ధం ముందు రాత్రి అతను హాయిగా నిద్రపోయాడనీ, తెల్లారి తట్టి లేపాల్సి వచ్చిందనీ రాశావు. దానికి అంత ప్రచారం తెచ్చింది 1687లో నోత్రదామ్ చర్చిలో బిషప్ బోస్యుయే చేసిన సంతాప ప్రసంగం. అంటే యుద్ధం జరిగిన 44 ఏళ్ళకు, చనిపోయినవాణ్ణి కీర్తించడానికే ఏర్పాటైన సభలో అన్న మాట. వాడుకో, తప్పులేదు. ఎవరన్నారో, ఎప్పుడన్నారో కూడా పక్కనే రాయి. కుడివైపు గుర్రపు దళంతో విరుచుకుపడ్డ గాసియోన్‌కీ, ఎడమవైపు చెదిరిపోయినప్పుడు వెనక దళంతో నిలదొక్కుకున్న సిరోకీ నీ వ్యాసంలో నాలుగేసి వాక్యాలైనా దక్కాలి. వాళ్ళకు అంత పెద్ద ఇల్లు లేదు, వాళ్ళ గురించి అంత పెద్ద ప్రసంగమూ లేదు. ఆ లోటు తీర్చాల్సింది మనమే.

నువ్వు తర్వాత ఆ కాలపు మరో ఫ్రెంచి సేనాపతి త్యురెన్ గురించి రాస్తానన్నావు. ముందు ఇల్లు చూడమన్న మాట అతని విషయంలో మరీ గట్టిగా చెప్పాలి. 1630 నుంచి రాజు కొలువులో ఉన్న మనిషి, 1643లో మార్షల్ (సైన్యంలో అత్యున్నత హోదా) అయినవాడు, 1649లో హఠాత్తుగా రాజుపక్షం వదిలేశాడు. 1651లో మళ్ళీ వచ్చేశాడు. యుద్ధాలు మాత్రమే చూసేవాడికి ఇది చపలత్వంలా కనిపిస్తుంది. సెడాన్ వైపు చూడు. అది త్యురెన్ తండ్రి బుయోన్ డ్యూక్ ఏలిన చిన్న స్వతంత్ర సంస్థానం. ఆ సెడాన్ ఉండబట్టే ఆ కుటుంబం తమను రాజులతో సమానంగా చూడమని అడగగలిగింది. అన్న ఫ్రెదెరిక్ మోరిస్ 1642లో రిచెలూ మీద సాంక్-మార్ పన్నిన కుట్రలో ఇరుక్కున్నాడు. తల దక్కించుకోవడానికి సెడాన్‌ను రాజుకు ఒప్పజెప్పాడు. ఆ దెబ్బ ఆ ఇంటివాళ్ళు మరిచిపోలేదు. రాజు చిన్నవాడుగా ఉండగా మంత్రి మజారిన్ పాలన మీద లేచిన ఫ్రోంద్ తిరుగుబాటు రాగానే అన్న పారిస్‌లో తిరుగుబాటుదార్ల పక్షం చేరాడు, తమ్ముడు జర్మనీలో ఉన్న తన సైన్యాన్ని అటు తిప్పబోయాడు. సైనికులు కదల్లేదు. మజారిన్ బ్యాంకరు హెర్వార్ట్ ద్వారా వాళ్ళ జీతపు బాకీలు తీర్పించాడు మరి. ఎంత పేరున్న సేనాపతైనా డబ్బు చేరిన చోట ఒంటరివాడయ్యాడు. 1651 మార్చిలో సెడాన్‌కు బదులుగా ఆల్బ్రే, షాతో-తియెరీ వంటి పెద్ద జాగీర్లు ఇస్తూ రాజు ఒప్పందం రాసిచ్చాడు. ఆ తర్వాత త్యురెన్ రాజుపక్షానికి వచ్చి, మరి కదల్లేదు. 1652 జులై 2న పారిస్ గోడల దగ్గర అతను ఎదిరించింది ఎవరినో తెలుసుగా? నీ రొక్రువా వీరుడినే. అప్పటికి కొందే ప్రభువుగా పిలవబడుతూ, రాజు మీదే కత్తి దూసి ఉన్నాడు.

(తండ్రి పోతే కొడుకు పేరు మారుతుంది, ఆంగ్యెన్ కొందే అయింది అలాగే. మొదటిసారి రెండు పేర్లూ చెప్పి, ఆపైన ఒక్క పేరుకే కట్టుబడు. లేకపోతే పాఠకుడు ఇద్దరు మనుషులనుకుంటాడు.)

1674 వేసవి గురించి రాసేటప్పుడు మాత్రం చెయ్యి వణకాలి. ఆ ఏడు త్యురెన్ సైన్యం జర్మనీలోని పలాటినేట్‌లో ఊళ్ళు తగలబెట్టింది. శత్రుసైన్యానికి తిండీ గడ్డీ దొరక్కుండా చేయడం ఆనాటి యుద్ధరీతి. ఆ నేల ఏలిక కార్ల్ లుడ్విగ్ కోపం పట్టలేక త్యురెన్‌ను ద్వంద్వయుద్ధానికి రమ్మని ఉత్తరం రాశాడు. ఈ ఉత్తరం సంగతి చాలామంది రాస్తారు. చుట్టరికం సంగతి రాసేవాళ్ళు తక్కువ. త్యురెన్ తల్లీ, కార్ల్ లుడ్విగ్ నాయనమ్మా సొంత అక్కచెల్లెళ్ళు, డచ్చి నాయకుడు ఆరెంజ్ విలియం కూతుళ్ళు. కార్ల్ లుడ్విగ్ తండ్రి అయిదో ఫ్రెడరిక్ చిన్నప్పుడు చదువుకోడానికి వచ్చింది సెడాన్‌కే, త్యురెన్ తండ్రి ఇంటికే. మన లెక్కలో చూస్తే పెద్దమ్మ కొడుకు అన్న, ఆ అన్న కొడుకు త్యురెన్‌కు కొడుకు వరస. తగలబడ్డవి కొడుకు వరసవాడి ఊళ్ళు. పైగా 1671లోనే కార్ల్ లుడ్విగ్ కూతుర్ని పద్నాలుగో లూయీ తమ్ముడికి ఇచ్చి పెళ్ళి చేశారు. 1688లో ఆమె వారసత్వ హక్కుల పేరు చెప్పుకునే లూయీ సైన్యం మళ్ళీ అదే నేల మీద పడింది, ఈసారి హైడెల్‌బర్గ్ కూడా కాలింది. వియ్యం రక్షణ కాలేదు సరికదా, సాకు అయింది. ఇళ్ళు పోగొట్టుకున్న రైతులకు ఈ బంధుత్వాలతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళను ఒక్క వాక్యంతో దాటేయకు, నిన్ను బతిమాలుతున్నాను.

హోదా పట్టింపు కూడా ఇంటి నుంచే వస్తుంది. 1672లో బెల్‌ఫోన్, క్రెకీ, యుమియేర్ అనే ముగ్గురు మార్షళ్ళు త్యురెన్ కింద పనిచేసేది లేదన్నారు. తామూ మార్షళ్ళమే కదా అని వాళ్ళ వాదన. రాజు ముగ్గురినీ సైన్యం నుంచి పంపేశాడు. 1675 జులై 27న సాల్జ్‌బాఖ్‌లో ఫిరంగి గుండు తగిలి త్యురెన్ చనిపోయాక ఒకేసారి ఎనిమిది మంది మార్షళ్ళయ్యారు. ఆ ఏడాది నుంచి ఎవరి కింద ఎవరనేది పదవిలో చేరిన తేదీని బట్టి తేల్చారు.

డబ్బు గురించి కూడా కనుక్కో. రెజిమెంటు కొనుక్కోవాలి, దాన్ని నిలబెట్టడానికి సొంత సొమ్ము పెట్టాలి. కొడుకు కర్నల్ కావాలని అప్పులపాలైన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

మన పాఠకుడికి ఫ్రెంచి సేనాపతి అనగానే బొబ్బిలి కోట ముందు నిలబడ్డ బుస్సీ గుర్తొస్తాడు. ఆ గుర్తు మంచిదే. దాన్ని పట్టుకొని రొక్రువాను బొబ్బిలితో పోల్చకు. అవి వేరు లోకాలు.

నన్నడిగితే వ్యాసాన్ని కొందే తల్లి షార్లొత్-మార్గరీత్ నుంచి మొదలుపెట్టమంటాను. ఆమె పుట్టిల్లు మోమోరాన్సీ వంశం. 1627లో ద్వంద్వయుద్ధం చేసినందుకు ఆ వంశానికే చెందిన బూత్‌వీల్ తల నరికించారు. అతను పోయిన ఏడో నెలలో పుట్టిన కొడుకును ఆమె తన ఇంట్లో పెంచింది. 1632లో రాజు మీద తిరగబడినందుకు ఆమె తమ్ముడికీ తూలూజ్‌లో అదే శిక్ష పడింది, ఆస్తి జప్తయింది. రొక్రువా జరిగిన ఏడాదే షాంతీయీ కోట మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. 1650 జనవరిలో కొడుకులిద్దర్నీ అల్లుడినీ మజారిన్ ఖైదు చేయించాడు. వాళ్ళు బయటికి రాకముందే, ఆ డిసెంబరులో, ఆమె బూత్‌వీల్ కూతురి ఇంట్లో కన్నుమూసింది. ఆమె పెంచిన ఆ తండ్రిలేని పిల్లవాడు కొందే వెంట తిరుగుబాటులోకి వెళ్ళి, తిరిగొచ్చి, లక్సెంబర్గ్ డ్యూక్‌గా ఫ్లెరూస్, స్టీన్‌కెర్క్, నేర్‌విండెన్ యుద్ధాలు గెలిచాడు. ఈ మనుషులందరి కథా ఆమె గడప మీదుగానే నడుస్తుంది, రొక్రువాతో సహా. అప్పుడు యుద్ధానికి ఒక పేజీ సరిపోతుంది. వంశవృక్షం గీసి ముందు అది పంపు, వ్యాసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య