అల్లుడికి, కొత్త కారు రంగు విషయమై

అంబత్తూరు, చెన్నై

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఒక్కడి కోసం కలిపిన ఆకుపచ్చ రంగులో తయారైన నీ స్పోర్ట్స్ కారు ఫొటోలు, ఫ్యాక్టరీ వాళ్ళు పంపినవి, నువ్వు నాకు పంపావు కదా, చూశాను. ముందు బంపర్ ఒక ఆకుపచ్చ, దాని పక్క ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే బాడీ భాగం) ఇంకో ఆకుపచ్చ అని నీ బాధ. "అందరిలా తెల్లదో నల్లదో తీసుకోక, ఎవరికీ లేని రంగు వాడికెందుకు" అని మీ అమ్మ నాకు ఫోన్లో అరగంట క్లాసు పీకింది. ఆ గొడవలో నేను తలదూర్చను. ఉద్యోగమంతా కార్లకి రంగువేసే పెయింట్ షాపులో రంగుల మ్యాచింగ్ చూసినవాణ్ణి కాబట్టి, బండి బెంగళూరు చేరేలోపు నీకు తెలియాల్సింది మాత్రం రాస్తున్నాను.

ముందు ఫొటోల సంగతి. తెలుపు ఏదో, వెలుగు ఎంతో ఫోన్ కెమెరా తనే ఊహించుకుని రంగు సర్దేస్తుంది. ఫ్యాక్టరీలో నెత్తి మీద వరసగా ట్యూబులైట్లు ఉంటాయి. బంపర్ వంపు తిరిగి ఉంటుంది, ఫెండర్ ఇంచుమించు నిటారుగా ఉంటుంది. ఒకే డబ్బాలో రంగు ఒకే స్ప్రే గన్‌తో కొట్టినా ఆ రెండూ ఫొటోలో ఒకలా పడవు. ఇవి పట్టుకుని నువ్వు కోపంగా మెయిల్ రాస్తే, వాళ్ళు మర్యాదగా "లైటింగ్ వల్ల సార్" అంటారు. అది కొన్నిసార్లు నిజం కూడా.

అలాగని తేడా ఉండదని కాదు. స్పోర్ట్స్ కారు ఒకే రేకుతో చేసింది కాదు. పోర్షా 911నే తీసుకో. 2018 చివర్లో బయటపెట్టిన తరంలో ముందు, వెనక భాగాలు తప్ప పైకి కనిపించే బాడీ అంతా అల్యూమినియం. అందులోనే జీటీ3 అనే మోడల్‌కి బానెట్ కార్బన్ ఫైబర్. బంపర్లు ఈ రోజుల్లో దాదాపు ఏ కారుకైనా ప్లాస్టిక్కే. మెటల్ బాడీకి రంగు వేశాక సుమారు 140 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు. ఆ వేడికి ప్లాస్టిక్ బంపర్ నిలబడదు. దానికి వేరే ప్రైమర్ (అడుగు పూత), వేరే క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర), 80 డిగ్రీల దగ్గర వేరే ఓవెన్. చాలాసార్లు వేరే సప్లయర్, వేరే ఊరు కూడా. ఆ రెండు ముక్కలూ మొదటిసారి పక్కపక్కన చేరేది అసెంబ్లీ లైను మీదే.

ఎప్పుడూ నడిచే రంగుల్లో ఇది పెద్ద సమస్య కాదు. రోజూ వందల బళ్ళు వెళ్తుంటాయి. బాడీ మీద కొలతలు తీసి బంపర్ సప్లయర్‌కి పంపుతారు, అతను నీలం ఓ చుక్క తగ్గిస్తాడు, గాలి ఒత్తిడి మారుస్తాడు, కొద్ది రోజుల్లో రెండూ దారికొస్తాయి. ఇక్కడ చెన్నై పక్కన కార్ల ఫ్యాక్టరీలుండే ఒరగడం, శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కల మేము చేసిందీ అదే పని. నీ ఒక్కడి కోసం కలిపిన రంగుకి ఆ వెసులుబాటు లేదు. ఈ బండి చూసి సర్దుకుందామంటే వెనక అదే రంగులో ఇంకో బండి రాదు. చిన్న పాత్రలో కలిపి, కొట్టేసి, పైపులు కడిగేస్తారు. ఎక్కువ డబ్బు పెట్టినవాడి బండికే మ్యాచింగ్ కష్టం కావడం ఈ వ్యవహారంలో ఉన్న వింత.

పైగా నీది మెటాలిక్. అందులో అతి సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. అవి మేడ మీద ఆరబెట్టిన అప్పడాల్లా బల్లపరుపుగా పడుకుంటే, ఎదురుగా చూసినప్పుడు రంగు లేతగా, మెరుస్తూ ఉంటుంది. అడ్డదిడ్డంగా నిలబడితే ముదురుగా కనిపిస్తుంది. కాస్త పొడిగా కొడితే పడుకుంటాయి, తడి ఎక్కువైతే లేస్తాయి. బూత్‌లో (రంగు కొట్టే గదిలో) వేడి, తేమ, గన్ దూరం, కొట్టింది గిర్రున తిరుగుతూ రంగు చిమ్మే బెల్‌తోనా మామూలు గాలి గన్‌తోనా, అన్నీ లెక్కలోకి వస్తాయి. నవంబరు వానల్లో మా బూత్ ఏసీ తేమని అదుపు చేయలేని రోజు, సాయంత్రం షిఫ్టు బళ్ళు పొద్దుటి బళ్ళ కన్నా ఒక వాసి ముదురుగా వచ్చేవి. అదే డబ్బా, అదే మనుషులు.

కాబట్టి తేడా ఏ వైపు నుంచి ఎలా కనిపిస్తోందో చూడటమే అసలు పరీక్ష. బంపర్, ఫెండర్ కలిసే గీత దగ్గర నిలబడి ముందు ఎదురుగా చూడు. తర్వాత బండి ఒక చివరి నుంచి ఓరగా, మళ్ళీ రెండో చివరి నుంచి ఓరగా చూడు. ఎదురుగా ముదురుగా ఉన్న బంపర్ ఓరగా చూసేసరికి ఫెండర్ కన్నా లేతగా మారిందనుకో, అది రేకులు పడుకున్న తీరులో తేడా. కలిపిన రంగు బాగానే ఉంది, కొట్టడం వేరుగా జరిగింది. ఎటునుంచి చూసినా బంపర్ పసుపు వైపో నీలం వైపో లాగుతుంటే, కలపడంలోనే తేడా వచ్చిందని అర్థం. మొదటిది జాగ్రత్తగా మళ్ళీ కొడితే సరిపోతుంది. రెండోది కొత్తగా టింట్ చేస్తే, అంటే రంగుపాళ్ళు సరిచేసి మళ్ళీ కలిపితే తప్ప పోదు. నీ ఫిర్యాదులో ఈ ఒక్క ముక్క రాశావంటే అవతలివాళ్ళు నీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

చూసే వెలుగు ముఖ్యం. ఆరుబయట, నీడలో, మబ్బు పట్టిన ఉదయమైతే మరీ మంచిది. మీ ఊళ్ళో మబ్బుకి కరువు లేదు. బండి కడిగించి, తుడిపించి చూడు. షోరూమ్ స్పాట్‌లైట్ల కింద, సాయంత్రపు పసుపుపచ్చటి ఎండలో ఏదీ తేల్చకు. తర్వాత ఒకసారి మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లాంటి చోట కూడా చూడు. బయట కలిసిపోయిన ప్యానెళ్ళు అక్కడి లైట్ల కింద విడిపోయి కనిపిస్తే, రెండింట్లో వాడిన పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) వేరన్నమాట. కలర్ ల్యాబుల్లో పగటి వెలుగుకి డీ65 అనే ప్రామాణిక వెలుగు, పాత బల్బు వెలుగు, ట్యూబులైటు వెలుగు మార్చి మార్చి చూసేది దీనికోసమే.

నీ కళ్ళనొక్కటే నమ్ముకోకు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా పోల్చలేని మగవాళ్ళు యూరప్ మూలాలున్న జనాల్లో 12 మందికి ఒకరు ఉంటారు, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరు. మా ల్యాబ్‌లోకి మనిషిని తీసుకునే ముందు 85 రంగు బిళ్ళలు వరసలో పేర్చమనే ఫార్న్స్‌వర్త్ మన్సెల్ పరీక్ష పెట్టేవాళ్ళం. డెలివరీకి అమ్మాయిని వెంట తీసుకెళ్ళు. ముందుగా ఏమీ చెప్పకుండా, ఎక్కడ తేడా ఉందో తననే చూపించమను. తను బంపర్ దాటి వెళ్ళిపోతే నీ టెన్షన్‌లో సగం తీసేయొచ్చు.

డోర్‌కీ ఫెండర్‌కీ మధ్య తేడా ఉంటే మాత్రం ఊరుకోకు. చాలా కార్లలో అవి రెండూ బాడీకి బిగించి ఉండగానే, ఒకే బూత్‌లో, ఒకే పూట రంగు పడినవి. అక్కడ షేడ్ మారిందంటే మధ్యలో ఎవరో గీత పడ్డ ప్యానెల్‌ని మళ్ళీ కొట్టారేమోనని అనుమానించాలి. పెయింట్ మందం కొలిచే మీటరు తెప్పించు. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. ఒక్క ప్యానెల్ మీదే 200 దాటితే రాతపూర్వకంగా సంజాయిషీ అడుగు. మీటరు అల్యూమినియం మీద కూడా పనిచేసేదై ఉండాలి, ఇనుము ఒక్కటే చదివేది అల్యూమినియం ప్యానెళ్ళ మీద దండగ. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ రెండు రకాలూ పనికిరావు.

ఈ చూడటమంతా రిజిస్ట్రేషన్‌కి ముందే, పూర్తి డబ్బు కట్టకముందే అవ్వాలి. కర్ణాటక లైఫ్ ట్యాక్స్ ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు. అది కట్టి నంబరు పడ్డాక నీ మాటకి బలం తగ్గుతుంది. బండి దిగీ దిగగానే పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయించే అలవాటు మీ కుర్రాళ్ళందరికీ ఉంది. ఆగు. ఫిల్మ్ వేశాక షేడ్ ఇంకోలా కనిపిస్తుంది, ఫిల్మ్ అంచుల దగ్గర గీత వస్తుంది, తప్పు పెయింట్‌దా ఫిల్మ్‌దా అని తేల్చడానికి ఎవరూ ముందుకు రారు.

తేడా నిజంగానే ఉంటే నోటి మాటతో ఆపకు. వేర్వేరు కోణాల్లో రంగు చదివే మెషిన్‌తో బంపర్, ఫెండర్ కొలిపించమని అడుగు. డీలర్ దగ్గర లేకపోయినా పెయింట్ కంపెనీల టెక్నికల్ వాళ్ళ దగ్గర ఉంటుంది. తేడాని డెల్టా ఈ అనే అంకెలో ఇస్తారు. ఇంచుమించు 1 లోపు తేడా మామూలు కంటికి దొరకడం కష్టం. కానీ మెటాలిక్‌కి 45 డిగ్రీల అంకె ఒక్కటే చూపించి "అంతా ఓకే" అంటే ఒప్పుకోవద్దు. 15, 45, 110 డిగ్రీలు, మూడూ కావాలను.

"కొన్నాళ్ళు ఎండలో తిరిగితే కలిసిపోతుంది సార్" అని సేల్స్ కుర్రాడు తప్పకుండా అంటాడు. కలవదు. ఇప్పటి క్లియర్ కోట్‌లో ఎండని ఆపే మందు ఉంటుంది. రెండు ప్యానెళ్ళూ నెలల్లో వెలిసి ఒకటైపోవడం జరిగే పని కాదు.

ఇక రిపేరు. నాలుగడుగుల దూరం నుంచి కనపడని తేడాకి బంపర్ విప్పించడం నాకిష్టం లేదు. కనపడితే, ఫ్యాక్టరీ నుంచి రంగేసిన కొత్త బంపర్ కోసం పట్టుబట్టకు. అది మళ్ళీ ఇంకో డబ్బా, ఇంకో రోజు. నీ ఫెండర్‌ని కళ్ళముందు పెట్టుకుని రంగు కలపగలిగేది బెంగళూరులో ఉన్న మంచి పెయింటరే. అతను ముందు చిన్న కార్డుల మీద కొట్టి, ఆరాక, క్లియర్ కూడా వేసి, ఫెండర్ పక్కన పెట్టి చూపించాలి. బంపర్ విడిగా విప్పి కొట్టినా, బండికి ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టి కొట్టమను, నేల మీద పడుకోబెట్టి కొట్టనివ్వకు. బంపర్ వెనక రాడార్ ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఆ భాగం మీద మెటాలిక్ పొరలు మందమైతే రాడార్ చూపు దెబ్బతింటుంది. పాత రంగు మీదే మళ్ళీ మళ్ళీ కొట్టకుండా, కారు కంపెనీ చెప్పిన మందంలోపే ఉంచమను. ఫెండర్‌ని మాత్రం ముట్టుకోనివ్వకు. 140 డిగ్రీల్లో కాలిన ఫ్యాక్టరీ రంగు మళ్ళీ రాదు, పూర్తయిన బండిని ఎవరూ ఆ ఓవెన్లో పెట్టలేరు.

రంగు కోడ్, టచప్ సీసా డెలివరీ రోజే అడిగి తీసుకో. తేదీ ఖరారయ్యాక ఫోన్ చెయ్యి. టైము మాత్రం పొద్దున్న పెట్టించు, పూజ పేరు చెప్పి సాయంత్రం ఇస్తామంటే కుదరదని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య