చింగ్‌దావ్‌లో చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొచ్చా? ఎటు వెళ్లాలి?

ఆఫీసు పని మీద చైనాలోని చింగ్‌దావ్ వెళ్తున్నానని, పగలు ఖాళీ దొరకదని, రాత్రిపూట ఒంటరిగా తిరగడం క్షేమమేనా అని అడిగారు. ఉద్యోగరీత్యా నేను ఆ ఊళ్లో ఉన్నాను. సాయంత్రాలు ఎక్కువగా నడకలోనే గడిచాయి. ధైర్యంగా తిరగండి. పొద్దుపోయాక ఆడవాళ్లు ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్లడం అక్కడ మామూలు విషయం. ఎలక్ట్రిక్ స్కూటర్లతో మాత్రం జాగ్రత్త. చప్పుడు లేకుండా ఫుట్‌పాత్ మీదికే వచ్చేస్తాయి, కొందరు లైటు కూడా వేయరు.

ఎవరిని అడిగినా ముందు మే 4 చౌరస్తాకే వెళ్లమంటారు. మెట్రో 2, 3 లైన్లు కలిసేది అక్కడే. ఈ ప్రాంతం మీద జర్మనీకి ఉన్న హక్కుల్ని మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్ శాంతి చర్చల్లో జపాన్‌కు కట్టబెట్టారని 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ ఉద్యమం పేరే చౌరస్తాకు పెట్టారు. సుడిగాలిలా మెలితిరిగిన 30 మీటర్ల ఎర్రటి ఉక్కు శిల్పం దాని గుర్తు. సముద్రం అంచున ఉన్న టవర్లన్నీ కలిసి ఒకే తెరలా మారి లైట్ షో వేస్తాయి. వేళలు సీజన్‌ని బట్టి మారతాయి కాబట్టి హోటల్లో అడిగి వెళ్లండి. చౌరస్తాలో జనం మధ్య నిలబడితే మెడ నొప్పే మిగులుతుంది. పక్కనే 2008 ఒలింపిక్స్ తెరచాప పడవ పందేలు జరిగిన సెయిలింగ్ సెంటర్ ఉంది. అక్కడ సముద్రంలోకి వెళ్లే పొడవాటి గట్టు మీద నడిచి వెనక్కి తిరిగి చూస్తే మొత్తం కనిపిస్తుంది.

కానీ మీకు ఒక్క రాత్రే దొరికితే నేను పాత ఊరికే వెళ్లమంటాను. టవర్ల మీద లైట్లు చైనాలో ఏ పెద్ద ఊరికి వెళ్లినా ఉంటాయి. 1898 నుంచి 1914 వరకు జర్మన్ల పాలనలో ఉండి, ఎర్ర పెంకుల కప్పులతో, రాతి గోడలతో కొండల మీద నిలబడిన ఈ పాత వీధులు ఇంకెక్కడ దొరుకుతాయి? కొండ, సముద్రం ఇంత దగ్గరగా కనిపిస్తే మనకు విశాఖే గుర్తొస్తుంది.

మెట్రో 3వ లైన్‌లో చింగ్‌దావ్ రైల్వే స్టేషన్ దగ్గర దిగండి. కొద్ది నిమిషాలు నడిస్తే జాన్‌చ్యావ్ వంతెన వస్తుంది. పేరుకు వంతెన, నిజానికి 1890లలో చింగ్ రాజుల కాలంలో సైన్యం సరుకు దింపుకోవడానికి కట్టిన రేవు. సముద్రంలోకి 440 మీటర్లు సాగి ఒక మండపం దగ్గర ఆగుతుంది. ఈ ఊరి పేరే పెట్టుకున్న త్సింగ్‌తావ్ బీరు సీసా మీద ఉండే బొమ్మ ఆ మండపానిదే. ఆటు సమయానికి వెళ్లగలిగితే మరీ మంచిది. నీరు వెనక్కి తగ్గాక రాళ్ల మధ్య కుటుంబాలు పిల్లలతో సహా టార్చి లైట్లు పట్టుకుని పీతలు, ఆల్చిప్పలు ఏరుకుంటూ ఉంటాయి. నాకైతే లైట్ షో కంటే అదే ఎక్కువ నచ్చింది.

అక్కడి నుంచి జోంగ్‌షాన్ రోడ్డు ఎక్కితే 1934లో పూర్తయిన సెయింట్ మైకేల్ చర్చి జంట గోపురాలు కనిపిస్తాయి. పగలు పెళ్లి ఫొటోల వాళ్లతో కిటకిటలాడే ముంగిలి, రాత్రికి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఆ చుట్టుపక్కల లీయువాన్ అనే పాత లోగిళ్లున్నాయి. మధ్యలో వాకిలి, చుట్టూ రెండు మూడంతస్తుల వాటాలు, ఒక్కో లోగిలిలో ఎన్నో కుటుంబాలు బతికేవి. కొన్నిటిని బాగుచేసి కాఫీ షాపులు పెట్టారు. సందులు బాగా ఏటవాలుగా ఉంటాయి. ఈ ఊళ్లో సైకిళ్లు తక్కువ కావడానికి కారణం ఆ ఎత్తుపల్లాలే. జారని బూట్లు వేసుకోండి. ఇటువైపు దుకాణాలు త్వరగా మూసేస్తారు కాబట్టి ముందు నడక, తర్వాత భోజనం.

భోజనానికి తైదోంగ్ వెళ్లండి. వాహనాలు రాని పెద్ద బజారు, తోపుడు బళ్ల మీద తినుబండారాలు, స్థానికులే ఎక్కువ. ఎండుమిర్చితో వేయించే ఆల్చిప్పల్ని గాలా అంటారు. మన నాలుకకు బాగా పడుతుంది. అందరూ దాంతో బీరు తాగుతారు. 1903లో మొదలైన త్సింగ్‌తావ్ బ్రూవరీ దగ్గర్లోనే ఉంది. చిన్న కొట్లలో పీపాల నుంచి పట్టిన తాజా బీరును ప్లాస్టిక్ సంచిలో పోసి తూకం వేసి ఇస్తారు. మీరు శాకాహారులైతే "వో చి సు" అని చెప్పి, వెల్లుల్లి దట్టించి నిప్పుల మీద కాల్చిన వంకాయ అడగండి. నూనెలో, సాస్‌లో ఏం కలిసిందో అడిగి తెలుసుకోవడం మాత్రం కష్టం. పట్టింపు ఎక్కువైతే పళ్లు, కాల్చిన చిలగడదుంపలతో సరిపెట్టుకోవాలి.

బయల్దేరే ముందే ఫోన్‌లో అలీపే అనే చెల్లింపుల యాప్ వేసుకుని మీ వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలపండి. తోపుడు బండికీ మెట్రోకీ అదే. దిదీ టాక్సీ కూడా అందులోంచే పిలవొచ్చు. మెట్రో పదిన్నర, పదకొండు మధ్య ఆగిపోతుంది. అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు, మన సిమ్ రోమింగ్‌లో వస్తాయి. హోటల్ పేరు చైనీస్‌లో ఉన్న కార్డు జేబులో ఉంచుకోండి.

డిసెంబరులో వెళ్తే ఐదు లోపే చీకటి పడుతుంది, సముద్రపు గాలి కోసేస్తుంది. జూన్‌లో ఏడు దాటాక గానీ పొద్దు గుంకదు, పైగా ఆ నెలల్లో సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొస్తుంది. అలాంటి రోజు టవర్లు కనిపించవు, లైట్ షో కోసం ఆగకుండా నేరుగా పాత ఊరికే వెళ్లిపోండి.