స్టాపర్ బ్యాక్ గోడు

“గోల్సే పడని ఫుట్‌బాల్ మ్యాచ్‌ని గంటన్నర ఎలా చూస్తారండీ, డిఫెన్స్‌లో చూసి ఆనందించడానికి ఏముంటుంది?” అని ఒకరు అడిగారు. ఇది నన్ను అడిగిన ప్రశ్నే అనుకుంటున్నాను. ఎందుకంటే నేను ఆరో తరగతి నుంచీ స్టాపర్ బ్యాక్‌ని, అంటే గోల్‌కీపర్ ముందు నిలబడి ఎదుటివాళ్లని ఆపేవాణ్ణి. ఇష్టపడి అవ్వలేదు లెండి. కాజీపేటలో రైల్వే క్వార్టర్స్ పక్కనున్న గ్రౌండ్‌లో మేం జట్లు పంచుకునే పద్ధతి ఒకటే ఉండేది. బాగా ఆడేవాళ్లు ముందు, బాల్ ఎవరిదైతే వాడు ఆట రాకపోయినా ముందే, లావుగా ఉన్నవాడు గోల్‌కీపర్, మిగిలినవాళ్లు వెనక. నేను ఎప్పుడూ ఆ మిగిలినవాళ్లలోనే ఉండేవాణ్ణి.

చాలాకాలం డిఫెన్స్ అంటే మన దగ్గరికి వచ్చిన బాల్‌ని కుదిరినంత దూరం తన్నడమే అనుకున్నాను. తొమ్మిదో తరగతిలో వేరే స్కూలుతో మ్యాచ్ పడింది. వెనక ఎడమవైపు కాసే మా లెఫ్ట్ బ్యాక్‌కి జ్వరమొస్తే నన్ను అటు నిలబెట్టారు. కుడి అంచున దూసుకొచ్చే వాళ్ల రైట్ వింగర్ ఒక బక్కపలచని పిల్లాడు, కాళ్లకి బూట్లు కూడా లేవు. నా ముందుకి రాగానే నేను టీవీలో చూసినట్టు గడ్డి మీద (గడ్డి ఎక్కడిది, ఎర్రమట్టి) జారుకుంటూ కాలు చాపడం, వాడు బాల్‌ని కాస్త పైకి లేపి నా మీంచి దూకి పోవడం. ఇలా మూడుసార్లు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, రెండు గోల్స్ పడ్డాయి. హాఫ్‌టైమ్‌లో మా పీఈటీ సార్ తిడతారనుకున్నాను. తిట్టలేదు. “కింద పడ్డవంటే నువ్వు ఆటలకెళ్లి పోయినట్టే బిడ్డా. నిలబడు. వాని కాళ్లు చూడకు, బాల్ చూడు. వాన్ని లైన్ దిక్కు తోలు” అన్నారు. గొర్రెల్ని తోలినట్టు గ్రౌండ్ పక్క గీత వైపు తోలమన్నారన్నమాట.

సెకండ్ హాఫ్‌లో నేను చేసిందల్లా తోలడమే. ఒక పక్కకి తిరిగి నిలబడి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, లోపలివైపు దారి మూసేసి వెనక్కి నడవడం. వాడు ఇటు ఊగాడు, అటు ఊగాడు, నేను కాలు చాపలేదు. ఈలోపు మధ్యలో ఆడే మా హాఫ్ బ్యాక్ పరుగెత్తుకొచ్చి కలిశాడు, ఇద్దరి మధ్య ఇరుక్కుని విసుగెత్తి వాడే బాల్‌ని లైన్ బయటికి తన్నుకున్నాడు. చప్పట్లు ఒక్కటీ లేవు. సార్ మాత్రం నోట్లో విజిల్ పెట్టుకునే తలూపారు. మేం 2-0తో ఓడిపోయాం, ఆ రెండూ నా ఖాతాలోవే, అది వేరే సంగతి.

మనవాళ్లకి ఇది అర్థంకాని విషయం కాదసలు. కబడ్డీ చూస్తారు కదా. రైడర్ లోపలికొచ్చినప్పుడు మంచి కార్నర్ ఆటగాడు ముందే మీదపడడు. వెనక్కి జరుగుతూ, ఊరిస్తూ, వాడు బోనస్ గీత కోసం కాలు చాపేదాకా ఆగి అప్పుడు మడమ పట్టుకుంటాడు. అది చూసి ఊళ్లో ముసలాయన కూడా శభాష్ అంటాడు. తేడా ఏంటంటే అక్కడ పట్టినవాడికి పాయింట్ ఇస్తారు, ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పడితే రెండిస్తారు. ఫుట్‌బాల్‌లో ఆపినవాడికి ఇచ్చేదేమీ లేదు. స్కోరుబోర్డు మీద సున్నా అలాగే ఉంటుంది. ఆ సున్నా వెనక ఎవరి చెమట ఉందో చూడ్డం రాకపోతే మ్యాచ్ బోర్ కొట్టకేం చేస్తుంది?

నాకు చూడ్డం వచ్చిన రాత్రి మాత్రం బాగా గుర్తు. 2006 వరల్డ్ కప్, జర్మనీ ఇటలీ సెమీఫైనల్, డోర్ట్‌మండ్‌లో. అక్కడ జూలై 4 రాత్రి, మనకి తెల్లవారితే 5, పన్నెండున్నరకి మొదలు. నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. టీవీ రూమ్‌కి పదకొండింటికి తాళం వేయాలని వార్డెన్ రూలు. (ఆ టీవీ రూమ్ ఫీజు మాత్రం ఏటా వసూలు చేసేవాళ్లు. టీవీలో రంగులు ఒక పక్క ఆకుపచ్చగా పోయినా మూడేళ్లు బాగుచేయించలేదు. ఆ ఒక్క ఫుట్‌బాల్ గడ్డికే అది నప్పింది.) వాచ్‌మన్‌కి మిర్చి బజ్జీలు తెచ్చిపెట్టి తాళం తీయించాం. ఒకటే షరతు పెట్టాడు: సౌండ్ ఉండకూడదు.

కామెంటరీ లేకుండా ఫుట్‌బాల్ చూడ్డం నాకు అదే మొదటిసారి. ఎవరు ఎప్పుడు అరుస్తారో వినపడకపోతే కళ్లు బాల్ మీంచి జారిపోతాయండీ, నిజం. నా కళ్లు కానవారో మీదికి జారాయి. ఇటలీ కెప్టెన్, సెంటర్ బ్యాక్ (మా స్టాపర్ బ్యాక్ లాంటిదే), ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఆ పొజిషన్‌కి అది పొట్టికిందే లెక్క. అతని అసలు జోడీ నెస్టా గ్రూప్ దశలోనే దెబ్బ తగిలి కూర్చున్నాడు, పక్కన మాటెరాజి ఆడుతున్నాడు. ఎదురుగా జర్మనీ ఫార్వర్డ్ క్లోజ, ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్, ఐదు, కొట్టినవాడు. కానవారో అతన్ని గుద్దలేదు, చొక్కా లాగలేదు. బాల్ ఇంకా సగం గ్రౌండ్ అవతల ఉండగానే మెడ తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటాడు, మళ్లీ బాల్ వైపు, మళ్లీ వెనక్కి. రోడ్డు దాటించే తల్లిలాగా. అందువల్ల పక్కనుంచి గోల్ ముందుకి క్రాస్ పడేసరికి క్లోజ కన్నా ఒక అడుగు ముందే ఉంటాడు, పొడుగు కన్నా ఆ అడుగే ఎక్కువ పనికొచ్చింది. నా పక్కన కూర్చున్న రూమ్మేట్ బ్రెజిల్ వీరాభిమాని, మూడు రాత్రుల కిందటే ఫ్రాన్స్ చేతిలో వాళ్లు పోయారు, ఆ కసి మీద “ఈ ఇటలీవాళ్లది ఆటా? నిద్రమాత్ర” అని దుప్పటి కప్పుకున్నాడు.

తొంభై నిమిషాలు 0-0. అదనపు అరగంట ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇటలీవాళ్లు గిలార్డినో ఒకటి పోల్‌కి కొట్టాడు, జాంబ్రోటా ఒకటి క్రాస్‌బార్‌కి కొట్టాడు. ఇంక పెనాల్టీలే అనుకుంటుండగా 119వ నిమిషంలో పిర్లో చూడకుండా తోసిన పాస్‌ని గ్రోసో వంకర తిప్పి కొట్టాడు, గోల్. రూమంతా నోళ్లు మూసుకుని ఎగరడం, చూడాల్సిన దృశ్యం. అప్పుడు జర్మనీ ఉన్నవాళ్లందర్నీ ముందుకి తోసి ఇటలీ గోల్ ముందున్న బాక్స్‌లోకి బాల్ వేసింది. కానవారో ఎగిరి తలతో బయటికి కొట్టాడు. ఎవరైనా అక్కడితో ఊపిరి పీల్చుకుంటారు, గంటా యాభై నిమిషాలు దాటింది కదా పరుగెత్తడం మొదలుపెట్టి. ఇతను నేల మీద కాలు ఆనగానే తను కొట్టిన బాల్ వెనకాలే తనే పరుగెత్తాడు. అది జర్మనీ ఆటగాడు పొడోల్‌స్కీ దగ్గర పడింది, అతను దాన్ని అదుపులోకి తెచ్చుకునేలోపే ఇతను మధ్యలో దూరి లాక్కుని పోయాడు. అక్కణ్ణుంచి టొట్టి, టొట్టి నుంచి గిలార్డినో, గిలార్డినో వెనక్కి చూడకుండా వదిలితే డెల్ పియరో, 2-0. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. నేను మాత్రం “కానవారో, కానవారో” అని అరుస్తున్నాను, గోల్ కొట్టింది అతను కాదురా అని మావాళ్లు నన్ను సరిదిద్దుతున్నారు.

ఇప్పటికీ ఆ గోల్ వీడియోలు కొన్ని గిలార్డినో కాలి దగ్గర మొదలవుతాయి. ముందు జరిగిన పదిసెకన్లు కోసేస్తారు. ఇదీ నా అసలు బాధ. రీల్స్ వచ్చాక ఇంకా ఘోరం, బాల్ వలలో పడే రెండు సెకన్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఫాంటసీ యాప్‌ల సంగతి అడక్కండి, మా తమ్ముడు డిఫెండర్‌ని కూడా “కార్నర్లకి హెడర్ కొడతాడా లేదా” అని చూసి కొంటాడు. టీవీ కెమెరాది కూడా తప్పే, బాల్ వెంట పోతుంది కుక్కపిల్లలా. మీకు నిజంగా చూడాలని ఉంటే స్టేడియంకి వెళ్లండి, గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడుతున్న రోజుల్లో నేను వెళ్లేవాణ్ణి. పైమెట్ల మీద కూర్చుంటే వెనక నలుగురూ ఒకే తాడుకి కట్టినట్టు ముందుకీ వెనక్కీ జరగడం కనిపిస్తుంది, ఒక్కడు అర అడుగు ఆలస్యమైతే ఆఫ్‌సైడ్ గీత (ఎదుటి ఫార్వర్డ్‌లకి ఆ వరసే హద్దు) మొత్తం చెడిపోవడమూ కనిపిస్తుంది. టీవీలో ఆ తాడు ఫ్రేములోకే రాదు.

డిఫెండర్‌కి పేరు రావాలంటే డిఫెన్స్ కానిదేదో చెయ్యాలి, ఇది నేను ఘంటాపథంగా చెప్తాను. మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ నడిపిన భారత జట్టునే తీసుకోండి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ మనకి కొండలాంటి డిఫెండర్. థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని సెమీస్‌లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ అతనిది. ఇప్పుడు ఎవర్నడిగినా ఆ కట్టు, ఆ గోల్ చెప్తారు. ఏళ్ల తరబడి అతను ఆపిన గోల్స్ గురించి ఒక్కడూ చెప్పడు. 1994 వరల్డ్ కప్‌లో ఇటలీ డిఫెండర్ బరేసి గ్రూప్ దశలో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని మూడున్నర వారాల్లో ఫైనల్‌కి తిరిగొచ్చాడు. రొమారియో, బెబెటో ఉన్న బ్రెజిల్‌ని నూట ఇరవై నిమిషాలు గోల్ లేకుండా ఆపిన ఇటలీ వెనక వరసకి అతనే పెద్ద. గుర్తున్నది ఏంటి? ఆ తర్వాత పెనాల్టీల్లో బాల్‌ని గోల్ పైనుంచి తన్నాడని. అదీ చివర్లో అలాగే తప్పిన బాజియో పెనాల్టీ చెప్పాక, “బరేసి కూడా” అని కలుపుతారు. 2006 ఫైనల్లో ఇటలీ గోల్ కొట్టిందే మాటెరాజి, అయినా ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ చేత తలతో పొడిపించుకున్నవాడిగానే మిగిలాడు.

కానవారోకి మాత్రం ఆ ఏడాది బాలన్ డి ఓర్, అంటే ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి, ఇచ్చారు, దానిమీద కూడా సణిగినవాళ్లున్నారు. ఆ వరల్డ్ కప్‌లో ఏడు మ్యాచ్‌లు, ఒక్క నిమిషం వదలకుండా 690 నిమిషాలు, ఒక్క ఎల్లో కార్డు లేదు. జట్టు మొత్తం తిన్న గోల్స్ రెండు, ఒకటి తమవాడే కొట్టుకున్నది, ఇంకోటి జిదాన్ పెనాల్టీ. అంటే ఆడుతుండగా ఎదుటి ఆటగాడు కొట్టింది ఒక్కటీ లేదు. ఇంకేం చెయ్యాలి పాపం? ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ డిఫెండర్‌కీ రాలేదు. 2019లో డచ్ డిఫెండర్ వాన్ డైక్ ఓట్లలో ఏడంటే ఏడు పాయింట్ల తేడాతో మెస్సీ వెనక ఆగిపోయాడు. మెస్సీ అభిమానులు కామెంట్లలోకి రాకండి, నేనూ మెస్సీ అభిమానినే.

ఒకటి ఒప్పుకుంటాను. పదిమందిని పెనాల్టీ బాక్స్‌లో కుక్కి, వచ్చిన ప్రతి బాల్‌నీ బస్టాండ్ దాకా తన్ని, చివర్లో కండరం పట్టేసిందని పడుకునే ఆటని నేనూ చూడలేను. అలాంటి ఆట చూసి మీరు ఈ ప్రశ్న అడిగుంటే మీ తప్పు లేదు.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడ్డాయి. ఆదివారం పొద్దున ఆఫీసు కుర్రాళ్లతో టర్ఫ్ మీద ఐదుగురి ఆట ఆడతాను. గంటకి ఇంతని డబ్బులు కడుతున్నాం కదా, అందుకని ఎవడికీ వెనక ఉండటం ఇష్టం ఉండదు, అంకుల్ ఉన్నాడుగా అంటారు. పోయిన వారం కొత్తగా చేరిన పిల్లాడొకడు, మా తొమ్మిదో తరగతి వింగర్‌కి తమ్ముడిలా ఉన్నాడు, నా మీదికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి నెట్ వైపు తోలాను, వాడే తన్నుకుని బయటికి పోయాడు. రెండోసారి ఆగి, వెనక్కి తిరిగి ఎవరికో పాస్ ఇచ్చేశాడు. మూడోసారి నా రెండు కాళ్ల మధ్యనుంచి తోసి పోయి గోల్ కొట్టాడు. ఆ మూడోదాని వీడియో వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద నలభై నవ్వే బొమ్మలు. మొదటి రెండూ ఎవడూ తియ్యలేదట.